గులకరాళ్ళ చప్పుడు

మిరియాల పొడి చల్లినట్టుంది, అంతే, అంతకు మించి ఏమీ లేదు, మసి అయ్యుంటుంది, తుడిస్తే పోతుంది అనుకుంటూ ప్లగ్గు మీది తెల్లటి పింగాణీని బొటనవేలితో తుడిచాను, పోలేదు, కళ్ళద్దాలు నుదుటి మీంచి దించుకుని దీపం కిందకి తెచ్చాను, నల్లటి చుక్కల మధ్య సూదిమొనంత వెండి గుండు ఒకటి మెరిసింది, దాని పక్కన ఇంకొకటి, ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నవాడికి అది ఎక్కణ్ణుంచి వస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు, పిస్టన్ తల కరిగి చిందితే వస్తుంది, లోపలి పెట్రోలు నా నిప్పురవ్వ మాట వినకుండా తనంతట తాను పేలిపోతుంటే వస్తుంది, దాన్నే మేం నాకింగు అంటాం, ఇంజన్ని లోపలినుంచి సుత్తితో కొట్టడమే అది, మిగతా మూడు ప్లగ్గులూ లేత బిస్కెట్టు రంగులో బుద్ధిగా ఉన్నాయి, మూడో సిలిండరుది ఒక్కటే ఇలా, కానీ నిన్ననే కదా ఈ బండిని, ఉన్నచోటే చక్రాలు తిరిగే రోలర్ల మీద ఎక్కించి, నిమిషానికి ఏడు వేల చుట్ల దాకా లాగాను, ఇంజను ఒంటికి మైకు బిగించి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా విన్నాను, పాలు పిండినంత సాఫీగా ఉంది, ఒక్క చప్పుడు లేదు, ఒక్కటంటే ఒక్కటి లేదు, మరి ఈ వెండి ఎక్కడిది.

పాపం ఈ బండి, దీన్ని చూస్తే నాకెప్పుడూ పాపం అనే అనిపిస్తుంది, పదిహేనేళ్ళ నీలం రంగు చిన్న కారు, కూరగాయలు తెచ్చుకోవడానికి పుట్టింది, దానికి తీసుకెళ్ళి నేను పెద్ద టర్బో తగిలించాను, లోపల గట్టి పిస్టన్లు వేశాను, పెట్రోలు చల్లే ఇంజెక్టర్లు పెద్దవి పెట్టాను, ఇంత చేసినా అలగకుండా పొద్దున్నే ఒక్క తిప్పుకి లేచి కూర్చుంటుంది, దాని యజమాని పళ్ళ డాక్టరమ్మ కూడా అలాంటిదే, నిలబడితే నా భుజం దాకా వస్తుంది, కింద మెత్త వేసుకుంటే తప్ప రోడ్డు కనపడదు, వారమంతా జనం నోళ్ళలోకి తొంగిచూసి ఆదివారం కొండదారి పందేనికి పోతుంది, పదకొండు మలుపులు, ఒక్కో బండీ ఒంటరిగా గడియారంతో పోటీపడాలి, ఎల్లుండే పందెం, ఇవాళ నాలుగింటికి బండి తీసుకెళ్ళడానికి వస్తానంది, ఏ ఏడో మలుపులోనో ఈ మూడో పిస్టన్ పగిలితే నూనె తన చక్రాల కిందే పడుతుంది, పక్కనేమో లోయ, వద్దు, ఆ ఆలోచనే వద్దు, అయినా ఆ ఆలోచన పోదు, ఎందుకంటే ఈ బండికి నాకింగు కనిపెట్టే సెన్సారు ఉంది, దాన్ని మూడేళ్ళ క్రితం నేనే ఆపేశాను, గట్టి పిస్టన్లు చల్లగా ఉన్నప్పుడు కొంచెం లొడలొడలాడతాయి, ఆ లొడలొడకే సెన్సారు హడలిపోయి బలం తగ్గించేస్తుంటే, ఇదెందుకు డాక్టరమ్మా మధ్యలో చాడీలు చెప్పడానికి, నా చెవి లేదా అన్నాను, ఆవిడ నవ్వి, మీ చెవి ఉండగా ఇంకేం కావాలి మాస్టారూ అంది, ఆ మాట ఆవిడొక్కతే కాదు, ఈ వీధి అంతా అంటుంది, నాకు స్టెతస్కోపు అని పేరు పెట్టింది కూడా వీధిలోవాళ్ళే, ఒకసారి బయట పోతున్న టాక్సీని ఆపి నీ ముందు కుడిచక్రం బేరింగు రెండ్రోజుల్లో పోతుందిరా అంటే వాడు తిట్టుకుంటూ వెళ్ళి, మూడోనాడు తాడు కట్టి లాక్కొచ్చాడు, ఆ పేరు వింటే మొహమాటపడ్డట్టు నటిస్తాను గానీ లోలోపల ఎంత ఇష్టమో నాకు తెలుసు, మా ఆవిడకి ఇంకా బాగా తెలుసు.

కల్తీ పెట్రోలు అయ్యుంటుంది, అవును, అలా చెప్పొచ్చు, బంకువాడి మీదకి తోసేస్తే సరిపోతుంది, ఎవరడుగుతారు, వాసన చూశాను, పెట్రోలు పెట్రోలులాగే ఉంది, ఛ, ఏం బుద్ధి నాది, కానీ ఈ భయం ఇవాళ్టిది కాదు కదా, ఆరు నెలలుగా లోపల ఒక మూల కూర్చోబెట్టి దాని మీద గుడ్డ కప్పుతూనే ఉన్నాను, పొద్దున కిటికీ దగ్గర పిట్టలు అరవడం మానేశాయేమిటి అనుకుని ఒకరోజు కిటికీ తీసి చూస్తే కొమ్మ మీద నాలుగు పిట్టలు నోళ్ళు తెరిచి మూస్తున్నాయి, సినిమాలో గొంతు పోయినట్టు, వెంటనే కిటికీ మూసేశాను, ఎవరికీ చెప్పలేదు, మొన్న ఫోనులో అమ్మాయి, నాన్నా బుజ్జిదానికి పళ్ళొచ్చాయి అంటే నాకు బళ్ళొచ్చాయి అని వినపడింది, అప్పుడే బళ్ళెందుకమ్మా, ముందు నడవనీ అన్నాను, అది పడీ పడీ నవ్వింది, మా నాన్నకి లోకమంతా బళ్ళే అంది, నేనూ నవ్వాను, జోకు వేసినవాడిలా దర్జాగా నవ్వాను, మా ఆవిడ మాత్రం నవ్వలేదు, నా చేతిలోంచి ఫోను తీసుకుని గురువారం వస్తానే, చూస్తాను ఆ పళ్ళు అంది, నిన్న పొద్దున్నే వెళ్ళి రాత్రికి వచ్చింది, రెండు పళ్ళట, కిందవట, బియ్యపుగింజల్లా ఉన్నాయట, వచ్చినప్పటినుంచీ వాటి గురించే.

సరే, అనుమానం ఎందుకు, ఇంకోసారి లాగి చూస్తే తేలిపోతుంది, మూడో సిలిండరుకి కొత్త ప్లగ్గు వేశాను, ల్యాప్‌టాప్‌లో టర్బో తోసే గాలి ఒత్తిడి, అదే బూస్టు, బాగా తగ్గించాను, అయిదు వేలు దాటనివ్వకూడదు అని నాకు నేనే చెప్పుకున్నాను, పట్టీలు బిగించి, ముందు పెద్ద ఫ్యాను తిప్పి, పొగగొట్టానికి బయటి గొట్టం తగిలించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాను, ఎదురుగా గోడ దగ్గర మా ఆవిడ డాక్టరమ్మ బండిదే పక్క సీటుకి కొత్త తోలు కుడుతోంది, షెడ్డులో సగం నాది, సగం ఆవిడది, నావి ఇంజన్లు, ఆవిడవి సీట్లు, పెళ్ళయిన కొత్తలో చేసుకున్న ఒప్పందం, ఆవిడ పళ్ళతో దారం తెంపుతుంటే నేను నాలుగో గేరు వేసి పెడలు తొక్కాను, మూడు వేలు, మూడున్నర, టర్బో ఊపిరి పీల్చుకోవడం వీపుకి తెలుస్తోంది, నాలుగు, చెవుల్లో మందంగా నిండుగా హోరు, ఏమీ లేదు, చూశావా ఏమీ లేదు, నాలుగున్నర, అంతలో మా ఆవిడ కుట్టుమిషను ముందునుంచి లేచి బండికి అడ్డంగా నిలబడింది, రెండు చేతులూ పైకెత్తి, దారం ఇంకా పెదాల మధ్యే ఉంది, నేను కాలు తీసేశాను, హెడ్‌ఫోన్లు లాగేసి, ఏమిటే, ఎదురుగా అలా వచ్చేస్తావా, పట్టీ తెగితే ఏమవుతావు అని అరిచాను, ఆవిడ దారం తీసి చీర కొంగుకి అంటించుకుని, ఆపండి, లోపల గులకరాళ్ళు ఆడుతున్నాయి అంది, ఏం గులకరాళ్ళు అన్నాను, రేకుడబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు, మీకు వినపడలేదా, వినపడలేదా అన్న మాట దగ్గర ఆవిడ గొంతు తగ్గింది, తగ్గిన సంగతి నాకు పెదాలను బట్టి తెలిసింది, అప్పుడే ఇంకో సంగతి కూడా తెలిసింది, నేను ఆవిడ మాటలు వినడం లేదు, చూస్తున్నాను.

కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు గనక దగ్గరున్న మనిషి మీద వచ్చింది, నీకేం తెలుసు, నువ్వు కుట్టుకో, ఇది నీ కుట్టుమిషను చప్పుడు కాదు అనేశాను, అన్నాక నాలుక కొరుక్కున్నాను, ఆవిడ వచ్చి నా పక్కన, సీటు లేని ఖాళీలో చెక్కపీట వేసుకుని కూర్చుని చెయ్యి చాచింది, ఇటివ్వండి ఆ చెవులు అంది, హెడ్‌ఫోన్లని చెవులు అంది, నవ్వొచ్చింది నాకు, అంత కోపంలోనూ, ఇచ్చాను, జుట్టు సర్దుకుని పెట్టుకుంది, వినపడగానే వేలు ఎత్తుతాను, వెంటనే కాలు తీసెయ్యండి అంది, మళ్ళీ లాగాను, నాలుగు వేల ఆరు వందల దగ్గర ఆవిడ చూపుడువేలు ముడుకు మీంచి లేచింది, కాలు తీశాను, మళ్ళీ, మళ్ళీ సరిగ్గా నాలుగు వేల ఆరు వందలకే లేచింది, నిప్పు పెట్టే సమయం రెండు డిగ్రీలు వెనక్కి జరిపాను, ఈసారి నాలుగు వేల తొమ్మిది వందలకి లేచింది, నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే అలాగే జరగాలి, చెవి బాగా ఉన్నవాడికి అలాగే వినపడాలి, అయితే నిన్న నేను ఏడు వేల దాకా లాగినప్పుడు ఈ ఇంజను ఎంత మొత్తుకుని ఉంటుంది, నేనేమో పాలు పిండినట్టుందని తల ఊపుతూ కూర్చున్నాను, దిగి బానెట్ మీద చెయ్యి వేశాను, వేడిగా ఉంది, జ్వరం వచ్చిన పిల్ల నుదురులా ఉంది, క్షమించవే తల్లీ అన్నాను, పైకే అన్నానేమో, మా ఆవిడ అటు తిరిగింది.

ఇక చేతులు వాటంతట అవే పనిలోకి దిగాయి, నాకు చేతులున్నాయి, బుర్ర ఉంది, అవి ఎక్కడికీ పోలేదు, మూడోదానికే ఎందుకు అని అడిగింది ఆవిడ, మంచి ప్రశ్న, పొగగొట్టంలో ఉన్న సెన్సారు పెట్రోలు సరిపోతోందనే చెబుతోంది కదా అంది, అది నలుగురిదీ కలిపి సగటు చెబుతుందే, నలుగురు పిల్లల మార్కులు కలిపి సగటు తీస్తే ఒకడు తప్పాడని తెలియదుగా అన్నాను, అంటూనే ఆగిపోయాను, మూడోవాడికి పెట్రోలు తక్కువ అందుతోంది, తక్కువైతే లోపల వేడెక్కి ముందే పేలుతుంది, అంతే, నాలుగు ఇంజెక్టర్లూ ఊడదీసి బల్ల మీద నాలుగు గాజుగొట్టాల మీద నిలబెట్టి ఒకే లెక్కన చల్లించాను, ఇద్దరం గడ్డాలు బల్లకి ఆనించి చూశాం, మూడో గొట్టంలో మట్టం చిటికెనవేలి వెడల్పు తక్కువ, ఇంజెక్టరు మెడలో ఉండే చిన్న జల్లెడ లాగితే ఆవగింజలో సగమంత నల్ల రబ్బరు నలుసు బయటపడింది, పోయిన నెల నేనే కొత్త పెట్రోలు గొట్టం కోసి వేశాను, ఆ కోసిన అంచు తాలూకుది, నలుసుని పట్టకారుతో ఎత్తి దీపానికి పెట్టి చూస్తున్నాను, ఇంత చిన్నది, ఇంత చిన్నదాని వల్ల, ఆవిడ నా వెనకనుంచి ముందుకి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, ఎదురుగా నిలబడి, చేతులు కడుక్కోండి, ఏదైనా తాగుదురుగాని అంది, ఆ చెయ్యి, అప్పుడు వెలిగింది నాకు, ఆ చెయ్యి దగ్గరే వెలిగింది.

వెనకనుంచి పిలవడం మానేసి రెండేళ్ళయింది ఈవిడ, ముందుకి వచ్చి భుజం తాకి మొహం చూసి మాట్లాడుతుంది, ఈ వయసులో ఇదేం కొత్త సరసం అని లోపల మురిసిపోయాను కూడా, సిగ్గులేకుండా, కుట్టుమిషను అవతలి గదిలోంచి తెచ్చి రోలర్లకి ఎదురుగా వేసుకుంది, వెలుతురు కోసం అంది, నమ్మాను, ఇంటి గంట మార్చి దద్దరిల్లేది పెట్టించింది, పాతది పాడైంది అంది, పాతదాన్ని నేనే బాగుచేస్తానంటే పారేశానంది, ఇవన్నీ సరే, అసలైనది ఇంకోటి ఉంది, టీ, నేను బండిని రోలర్ల మీద లాగుతున్నప్పుడు సరిగ్గా మధ్యలో వచ్చి టీ అని కప్పు చూపించేది, ఎన్నిసార్లు విసుక్కున్నానో, వేళాపాళా లేదా నీ టీకి అని, బండి ఆపి టీ తాగి మళ్ళీ మొదలుపెట్టబోతే, ఎందుకైనా మంచిది ప్లగ్గులు ఒకసారి చూడకూడదూ అనేది, నోటి చివరి మాటలా, నేను చూసేవాణ్ణి, ఏదో ఒకటి దొరికేది, చూశావా నాకెలా తట్టిందో అని ఆవిడకే చెప్పేవాణ్ణి, ఆవిడ కప్పు కడుగుతూ మీకు తట్టకపోతే ఎవరికి తడుతుంది అనేది, రెండేళ్ళ టీలు, ప్రతి టీ ఒక నాకింగు, నిన్న ఆవిడ లేదు, బుజ్జిదాని పళ్ళు చూడటానికి వెళ్ళింది, అందుకే నిన్న నన్ను ఆపేవాళ్ళు లేరు, చేతులు కడుక్కుంటూ అడిగాను, ఎప్పటినుంచి తెలుసు నీకు అని, ఏది అని అడగలేదు ఆవిడ, సబ్బు అందించి, మీకు తెలియకముందునుంచే అంది, మరి చెప్పలేదేం, చెబితే మీరు ఈ పని మానేస్తారని, నువ్వు నవ్వుకున్నావా నన్ను చూసి, ఒకసారి, లోపలే, బళ్ళు అన్నప్పుడు, కానీ అది నవ్వు కాదు లెండి, అని తువ్వాలు నా భుజం మీద వేసి వెళ్ళిపోయింది.

నాలుగుకి పది నిమిషాలు ముందే వచ్చేసింది డాక్టరమ్మ, ఇంజెక్టరు కడిగి బిగించి ఉంచాను, బండి రెడీనా మాస్టారూ అంది, ఆ క్షణంలో కూడా బంకువాడు నాలుక చివర నిలబడే ఉన్నాడు, కల్తీ పెట్రోలమ్మా, తీసేశాను, ఇక భయం లేదు, ఎంత సులువు, ఆవిడ తన మెత్తని చంకలో పెట్టుకుని నిలబడింది, ఆ మెత్తని చూస్తే ఆ అబద్ధం చెప్పలేకపోయాను, కూర్చో డాక్టరమ్మా అని ప్లగ్గు చేతిలో పెట్టాను, వెండి గుండ్లు చూపించాను, నిన్న నేనే దీన్ని కొట్టించాను, నాకు వినపడలేదు, సరిగ్గా ఆ సన్నటి చప్పుడే నా చెవులు పట్టుకోవట్లేదు, ముప్పై ఏళ్ళ పొగగొట్టాల మోత ముందుగా తినేది దాన్నేనట, సెన్సారు ఆపేసి నా చెవిని నమ్మమన్నాను, ఆ చెవి ఇప్పుడు లేదు, ఆవిడ ప్లగ్గుని, పన్ను చూసినట్టే, వెలుతురుకి తిప్పి తిప్పి చూసింది, నేను తీర్పు కోసం ఎదురుచూస్తున్నాను, చెవి పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు అంది, ఎప్పుడూ లేదన్నాను, నేను ఏటా చేయించుకుంటాను, మా డ్రిల్లు మోత మాత్రం తక్కువా అంది, ఎడమవైపు నాకూ కొంచెం పోయింది, సోమవారం నాతో రండి, మీ పన్ను పుచ్చితే ఇన్నాళ్ళు దాచుకునేవారా, చివాట్లు, చిన్నపిల్లాడికి పెట్టినట్టు, తరవాత నెమ్మదిగా, మరి ఇవాళ ఎవరు విన్నారు మాస్టారూ అని అడిగింది, నేను గోడవైపు చూపించాను, మా ఆవిడ సూది కనపడనట్టు వెతుక్కుంటోంది, సూది చేతిలోనే ఉంది, అక్కా మీరా, అక్కా చెప్పండి, ఆదివారం వెళ్ళొచ్చా నేను, మా ఆవిడ నావైపు చూసి, పిస్టన్ ఎంత దెబ్బతిందో ముందు లోపల చూడాలి, ఆయన చూస్తారు, అది బాగుంటే సెన్సారు మళ్ళీ పెట్టించుకుని, బూస్టు తగ్గించి, ఏడు వేల దాకా ఒకసారి లాగి, నేను విన్నాక చెబుతాను అంది, నేను అనాల్సిన మాటలు, అదే వరసలో, ఒక్కటి కూడా తప్పకుండా.

ప్లగ్గు రంధ్రంలోంచి సన్నటి కెమెరా దించి చూశాను, పిస్టన్ అంచున గరుకు మచ్చ ఒకటి, అంతే, పగుళ్ళు లేవు, మిగతా మూడింటితో సమానంగా ఒత్తిడి నిలబెడుతోంది, బతికింది, సెన్సారుకి చల్లటి ఇంజను లొడలొడనీ నాకింగునీ విడదీసి నేర్పించాను, ఆ పని మూడేళ్ళ క్రితమే చేయాల్సింది, గర్వం అడ్డొచ్చింది, డాక్టరమ్మ గుమ్మం దగ్గర మెత్తని గుండెకి హత్తుకుని నిలబడింది, మా ఆవిడ చెక్కపీట మీద కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది, చెయ్యి ముడుకు మీద, చూపుడువేలు ఆనించి, లాగాను, నాలుగు వేలు, నాలుగు వేల ఆరు వందలు, వేలు లేవలేదు, అయిదు, ఆరు, తెర మీద బలం గీత ఎక్కడా వంగకుండా పైకి పోతోంది, కానీ నేను తెర చూడటం లేదు, ఆవిడ మొహం చూస్తున్నాను, భయపడతాననుకున్నాను, నా వస్తువు ఇంకొకరి చేతిలో చూస్తున్నట్టు ఉంటుందనుకున్నాను, ఆవిడ కళ్ళు మూసుకుంది, తల కొంచెం పక్కకి వాలింది, పెదాల చివర ఏదో మొదలైంది, ఏడు వేలు, కాలు తీశాను, రోలర్లు నెమ్మదిగా ఆగుతున్నాయి, వేలు లేవలేదు కదా అన్నాను, లేదు అని తల ఊపింది, వెళ్ళొచ్చు డాక్టరమ్మా అని గట్టిగా అంది, హెడ్‌ఫోన్లు మాత్రం తీయలేదు, నేను ఇంజను ఆపడానికి తాళం తిప్పబోతుంటే నా మణికట్టు పట్టుకుని, ఇంకొక్కసారి లాగండి అంది, ఏం, ఏమైనా అనుమానమా, అనుమానం ఏమీ లేదండీ, ఊరికే, బాగుంది, అంది, ఆ బాగుంది అన్నప్పటి మొహాన్ని నేను ఎరుగుదును, ఎక్కడ చూశాను, ముప్పై ఏళ్ళ కిందట మొదటిసారి ఒక ఇంజను నా చేతిలో కుదిరినప్పుడు దాని కవరు మెరుపులో కనపడ్డ నా మొహమే అలా ఉంది, ఇంతసేపూ ఏమనుకున్నాను నేను, రెండేళ్ళు నా మీద జాలిపడి, నా లోటు కప్పిపెట్టడానికి ఓపిక పట్టి, మోతలో కూర్చుందనుకున్నాను, నా కోసం కూర్చుంది, నిజమే, కానీ నా కోసమే కాదు, ఈ మనిషికి ఇది ఇష్టం, ఇంజను వినడం అంటే ఈవిడకి ఇష్టం, మళ్ళీ నాలుగో గేరు వేశాను.